బిల్లు వెనక అచ్చేసిన మాట చట్టం కాదు

మేడ్చల్,
2025 అక్టోబరు 14

బిడ్డా,

  

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నీ చీర సంగతి చెప్పింది. సద్దుల బతుకమ్మకు కట్టుకోవాలని కొంపల్లి షోరూంలో ఆరు వేలు పెట్టి కొన్నావట. పండగయ్యాక మొదటిసారి చల్లనీళ్ళలో ముంచితే అంచు ఎరుపంతా దిగి, మీగడ రంగు చీర మీద మరకలు మరకలైందట. తీసుకుపోయి చూపిస్తే ‘ఉతికిన బట్ట తీసుకోం మేడం’ అన్నారట. గట్టిగా అడిగితే మేనేజరు బిల్లు తిప్పి, వెనక అచ్చేసిన వాక్యం మీద వేలు పెట్టి చూపించాడట: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. నువ్వు మారు మాట్లాడకుండా వచ్చేసి, చీరను బీరువా అడుగున పడేసి, ‘పోనీలే అమ్మా, దీనికింత గొడవెందుకు’ అన్నావట.

ఆ ‘పోనీలే’ విన్నప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఫోన్‌లో చెబితే సగం విని సగం వదిలేస్తావని రాస్తున్నాను. దీన్ని ఆ బిల్లుతోపాటు దాచుకో.

బట్టల దుకాణం గల్లా వెనక బతుకు గడిపినవాణ్ణి. మొదట సికింద్రాబాద్ జనరల్ బజార్లో తాన్లు మోశాను, తర్వాత మేడ్చల్‌లో సొంతంగా చిన్న దుకాణం పెట్టుకున్నాను. అందుకని కౌంటరుకు అటువైపు ఏం జరుగుతుందో నాకు తెలుసు. ముందు అది చెబుతాను.

చీరలో లోపముంటే దుకాణందారు ఆ నష్టాన్ని ఊరికే మింగడు. సూరత్ నుంచో, పథర్‌గట్టి హోల్‌సేల్ నుంచో వచ్చిన సరుకులో డ్యామేజీ పీసులు ఉంటే పక్కన పెట్టి, వచ్చిన చోటికే తిప్పి పంపుతారు. మా వ్యాపారంలో దాన్ని జి.ఆర్. అంటారు. హోల్‌సేల్‌వాడు ఆ పైసలు తర్వాతి బిల్లులో తగ్గిస్తాడు. ఏళ్ళ తరబడి సరుకు తీసుకునే పెద్ద షోరూంకు ఇది రోజువారీ పని. నీ చీర తీసుకుంటే వాళ్ళకు కొంత కాగితం పని పెరుగుతుంది, అంతే. ఆ కాస్త పని తప్పించుకోవడానికి నీ ఆరు వేలు పోగొట్టారు. చిన్న దుకాణంవాడికి ఈ వెసులుబాటు అన్నిసార్లూ ఉండదు, అది నేనూ పడ్డాను. ఒకటో రెండో పీసులు కొన్నవాడి జి.ఆర్. హోల్‌సేల్‌లో ఎవరూ పట్టించుకోరు. అయినా ఆ బాధ దుకాణానికీ హోల్‌సేల్‌కీ మధ్య తేలాల్సింది. కొన్నవాళ్ళ నెత్తిన రుద్దే హక్కు ఎవరికీ లేదు.

ఇక బిల్లు వెనకున్న ఆ వాక్యం సంగతి. 1986లో వచ్చిన వినియోగదారుల చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు, 2020 జూలై 20 నుంచి అది అమల్లోకి వచ్చింది. అనుచితమైన వ్యాపార పద్ధతులు ఏవేవో అందులో వరసగా రాశారు. బిల్లు ఇవ్వకపోవడం వాటిలో ఒకటి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడం ఇంకొకటి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోపల, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోపల తీసుకోవాలి. ‘వాపసు లేదు’ అని అచ్చేసుకుంటే అది గడువు రాసినట్టు కాదు. నువ్వు కొని ఇంకా నెల దాటలేదు. ఇంత తొందరపెడుతున్నది అందుకే.

అచ్చులో ఉన్న మాటకు మనం ఊరికే జడుస్తాం. రోజూ తుర్కపల్లిలో ల్యాబుకు పోతూ శామీర్‌పేట దగ్గర నల్సార్ బోర్డు చూస్తుంటావు కదా, అలాంటి చోట్ల కాంట్రాక్టు చట్టం చదివే పిల్లలు తప్పకుండా చదివే కేసు ఒకటుంది. అదీ చీర గొడవే. మద్రాసులో ఒకరు లాండ్రీకి కొత్త చీర ఇచ్చారు, అది పోయింది. రసీదు వెనక ఒక షరతు అచ్చేసి ఉంది: బట్ట పోతే దాని విలువలో 15 శాతమే ఇస్తాం. లిల్లీ వైట్ కేసుగా పేరుపడిన ఆ వ్యవహారం మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది. అలాంటి షరతును ఒప్పుకుంటే లాండ్రీవాడు ఏ కొత్త బట్టనైనా 15 శాతానికి సొంతం చేసుకోవచ్చు, ఇది ప్రజాహితానికి విరుద్ధం, చెల్లదు అని కోర్టు తేల్చింది. 1960ల నాటి మాట ఇది. అప్పటికి వినియోగదారుల చట్టమనేదే దేశంలో లేదు. అయినా కాగితం వెనక అచ్చు న్యాయం ముందు నిలబడలేదు.

ఇంకో కేసు ఇంకా పాతది. ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరంలో గ్రాంట్ అనే డాక్టరు 1931లో ఒక దుకాణంలో ఉన్ని లోదుస్తులు కొన్నాడు. తయారీలో వాడిన రసాయనం సరిగా కడగకపోవడం వల్ల బట్టలో మిగిలిపోయింది. ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఆసుపత్రి పాలయ్యాడు. కేసు లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయి, 1935లో ఆయన గెలిచాడు. మన దేశానికి కూడా అప్పట్లో ఆఖరి అప్పీలు అక్కడే. కొనేటప్పుడు కంటికి కనబడని లోపానికి అమ్మినవాడిదీ తయారు చేసినవాడిదీ బాధ్యత అని అప్పుడే తేలింది. నీ చీర సంగతీ అంతే. రంగు దిగుతుందా లేదా అన్నది నీళ్ళు తగిలితేగాని తెలియదు. ఉతికితే బయటపడే లోపాన్ని ఉతకకముందే చూపించమంటే ఎట్లా?

అయితే ఒక గీత గీసుకో. లోపం వేరు, మనసు మారడం వేరు. రంగు నచ్చలేదనో, చెల్లెలు అచ్చం అలాంటిదే కొన్నదనో, సైజు తప్పు చెప్పాననో తిరిగిస్తానంటే చట్టం నీ వెనక నిలబడదు. దుకాణం మార్చి ఇస్తే అది వాళ్ళ మంచితనం, వాళ్ళ పద్ధతి. పెండ్లికి కట్టుకుని, అత్తరు వాసనతో, కుంకుమ మరకతో తెచ్చి ‘ఇది మొదటి నుంచీ ఇట్లనే ఉంది’ అన్నవాళ్ళను నేను చూశాను. వాళ్ళ వల్లనే నిజంగా మోసపోయినవాళ్ళు చెప్పినా దుకాణంవాడు నమ్మడం మానేశాడు. నువ్వు ఎన్నడూ ఆ పని చెయ్యవద్దు. సెకండ్స్ అని చెప్పి, లోపం చూపించి, ధర తగ్గించి ఇచ్చినదాన్ని కూడా మళ్ళీ లోపమని తీసుకుపోకూడదు. కానీ ఆషాఢం ఆఫర్లో కొన్నంత మాత్రాన దాచిపెట్టిన లోపాన్ని భరించాల్సిన పని లేదు. తగ్గించింది ధరనే, మన హక్కును కాదు.

ఆఫర్ మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. ట్యాగు మీద గరిష్ఠ ధర అని వేసినదాంట్లో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దాని మీద నలభై శాతం తగ్గింపు అని గోడంత అక్షరాలతో రాసి, బిల్లు దగ్గర మళ్ళీ పన్ను వేరుగా కలపడం తప్పని జాతీయ కమిషన్ 2017లోనే చెప్పులూ బట్టలూ అమ్మే ఒక కంపెనీ కేసులో చెప్పింది. సరుకు పెట్టిచ్చే సంచీకి ముందు చెప్పకుండా డబ్బు గుంజడం కూడా తప్పేనని 2020 డిసెంబరులో బిగ్ బజార్ కేసులో అదే కమిషన్ తీర్పిచ్చింది. పది పద్దెనిమిది రూపాయల సంచుల కోసం జనం జాతీయ కమిషన్ దాకా నిలబడ్డారు. నీవి ఆరు వేలు.

కొనేటప్పుడు చూసే చూపు కూడా ఒకటుంది, అది మీ తరానికి ఎవరూ నేర్పలేదు. షోరూం లైట్లలో ప్రతి చీరా వెలిగిపోతుంది. అడిగి వాకిలి దాకా తెచ్చుకుని పగటి వెలుతురులో చూడు. మడత మీద మడతగా ఉన్నది చూసి సరే అనకు, మొత్తం విప్పించు. కొంగును రెండు చేతులా ఎత్తి వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే పడుగులో తెగిన పోగు సన్న గీతలా నిలువునా కనిపిస్తుంది, పేకలో పోగు తప్పితే అడ్డంగా పలచటి చార కనిపిస్తుంది. జరీ దగ్గర వేలితో మెల్లగా రాసి చూడు, తీగ లేచి గుచ్చుకుంటే రెండు ఉతుకులకు ఊడుతుంది. ముదురు అంచూ లేత చీరా అయితే తెల్ల రుమాలు కొస తడిపి అంచు లోపలి వైపు అద్ది చూడు. దుకాణంవాడు వద్దంటే ఎందుకు వద్దంటున్నాడో ఆలోచించు. చేనేత అంటే హ్యాండ్‌లూమ్ మార్క్, పట్టు అంటే సిల్క్ మార్క్ ఉందేమో అడుగు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అయినా ఆ డిజైన్‌ను మిల్లు గుడ్డ మీద అచ్చేసి పోచంపల్లి అని అమ్మేవాళ్ళున్నారు. అచ్చయితే తిప్పి చూసినప్పుడు వెనక వైపు రంగు వెలిసినట్టుంటుంది, నేతయితే రెండు వైపులా ఒకేలా ఉంటుంది. పోచంపల్లి అని చెప్పి అచ్చు గుడ్డ అంటగడితే అదీ మోసమే, నూలు ఎంత గట్టిదైనా సరే. ఫాల్, పీకో కుట్టించకముందే, జాకెట్టు గుడ్డ కత్తిరించకముందే ఇంటి దగ్గర ఇంకోసారి విప్పి చూడడం అలవాటు చేసుకో. కత్తెర పడ్డాక వాదన కష్టం.

బిల్లు తప్పనిసరి. కచ్చా చిట్టీ మీద ‘చీర ఒకటి’ అని గీకి ఇస్తే తీసుకోవద్దు, పక్కా బిల్లు అడుగు. ఫోన్‌లో పైసలు పంపిన రికార్డు ఉంది కదా అనుకుంటావు. పైసలు ఇచ్చినట్టే అది చెబుతుంది, ఏం కొన్నావో చెప్పదు. ఇప్పటి మిషన్ బిల్లులు బీరువాలో పెట్టినా కొన్ని నెలలకే తెల్లబడిపోతాయి. ఇంటికి రాగానే ఫొటో తీసి పెట్టు. ట్యాగు, ఉతికే విధానం రాసిన చిన్న గుడ్డ ముక్క, అవి కూడా. నీకు అవతలి నుంచి వచ్చే మొదటి మాట ‘వేడినీళ్ళలో ఉతికారు’ అన్నదే. చల్లనీళ్ళలో చేత్తో ఉతకవచ్చని దాని మీదే రాసి ఉందని చూపిస్తే ఆ మాట అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది విను. మళ్ళీ షోరూంకు పో, ఈసారి పనిదినం పొద్దున పో. శని ఆదివారాల రద్దీలో ఎవరూ నీ మాట వినరు. కౌంటర్లో అమ్మాయి మీద గొంతు పెంచకు. పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే ఉద్యోగం ఆమెది. వాపసు తీసుకునే అధికారం ఆమెకు లేదు, ఇంకా నువ్వు గొడవ చేస్తే కోత పడేది ఆమె జీతంలోనేమో. గుండ్లపోచంపల్లి అపరెల్ పార్కులో మిషన్ల ముందు కూర్చునే ఆడపిల్లలు, ఈ షోరూంలలో చీరలు విప్పి మడిచే ఆడపిల్లలు, అందరూ మన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. మేనేజరును కలువు. ‘ఇది లోపమున్న సరుకు, మార్చండి, లేదా డబ్బు తిరిగివ్వండి’ అని అడుగు. క్రెడిట్ నోట్ ఇస్తామంటే నీకు ఇష్టమైతేనే తీసుకో. లోపానికి డబ్బు అడిగే హక్కు నీకుంది. చీర వెనక్కి తీసుకోం అంటే, ఆ మాటే కాగితం మీద రాసివ్వమను. చాలాచోట్ల కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. నోటితో ఎన్నిసార్లయినా కాదంటారు, సంతకం పెట్టి కాదనడానికి వెనకాడతారు.

అప్పటికీ వినకపోతే స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపాలి. ఎప్పుడు కొన్నావు, ఎంతకు కొన్నావు, బిల్లు నంబరు, లోపం ఏంటి, ఎప్పుడు తీసుకుపోతే ఎవరు ఏమన్నారు, నీకేం కావాలి, ఎన్ని రోజుల్లో కావాలి. తిట్లూ బెదిరింపులూ వద్దు. దానితోపాటే 1915కు ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. వాళ్ళు ఫిర్యాదు రాసుకుని కంపెనీకి పంపుతారు. తీర్పు చెప్పే అధికారం వాళ్ళకు లేదు, కానీ పేరున్న షోరూంలు అక్కడికే చాలావరకు దిగివస్తాయి.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. పేరు వినగానే నల్లకోట్లూ వాయిదాలూ గుర్తొచ్చి భయపడకు. వకీలు అక్కర్లేదు, నీ కేసు నువ్వే చెప్పుకోవచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చెయ్యవచ్చు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ళ గడువుంది. కొత్త చట్టంలో నాకు బాగా నచ్చింది ఒకటుంది: నువ్వు ఉండే చోటో, పనిచేసే చోటో ఉన్న కమిషన్‌లోనే కేసు వెయ్యవచ్చు. పాత చట్టంలో మామూలుగా అమ్మినవాడు ఉన్న చోటికో, గొడవ పుట్టిన చోటికో మనం పోవాల్సి వచ్చేది. ఫోన్‌లో చూసి సూరత్ నుంచి తెప్పించుకున్న డ్రెస్సుకు కూడా ఇప్పుడు మన దగ్గరే అడగవచ్చు. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వేరే నియమాలు కూడా పెట్టారు, లోపమున్నదాన్నీ, బొమ్మలో చూపించినట్టు లేనిదాన్నీ వెనక్కి తీసుకోనంటే కుదరదు.

దాచకుండా ఇదీ చెబుతాను. అవతలివాళ్ళకు నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చాలని, పరీక్షకు పంపాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. నడిచే తీరు వేరు, అంతకంటే ఎక్కువే పట్టవచ్చు. అవతలివాళ్ళు లోపం లేదని వాదిస్తే చీరను ల్యాబుకు పంపమనవచ్చు, ఆ పరీక్ష ఖర్చు ముందు నిన్నే కట్టమనవచ్చు కూడా. అందుకే ఆ చీరను ఇంకోసారి ఉతకవద్దు, మరక పోతుందేమోనని ఏ పొడీ రుద్దవద్దు. గెలిస్తే ధరతోపాటు వడ్డీ, నువ్వు పడ్డ ఇబ్బందికి పరిహారం, ఖర్చులు ఇప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. తీర్పు వచ్చాక కూడా ఇవ్వకపోతే జైలు శిక్షో, 25 వేలకు తగ్గని జరిమానానో పడవచ్చు.

2017లో సర్కారు మొదటిసారి బతుకమ్మ చీరలు పంచినప్పుడు గుర్తుందా, నాణ్యత లేదని చాలా ఊళ్ళలో ఆడవాళ్ళు వాటిని నడిబజార్లో తగలబెట్టారు. తగలబెట్టడం సరైందా కాదా అన్నది పక్కన పెట్టు. ఊరికే ఇచ్చినదానికి ఈ చట్టం వర్తించదు, డబ్బిచ్చి కొన్నదానికే వర్తిస్తుంది. చట్టం అండ లేని చోట అంత గట్టిగా మాట్లాడిన మన ఆడవాళ్ళు, కష్టపడి సంపాదించిన పైసలతో కొన్నదానికి మాత్రం కౌంటర్ దగ్గర నోరు విప్పరు. అందరి ముందూ అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం అడ్డం వస్తుంది. ఆ మొహమాటం మీద ఎన్ని దుకాణాలు నడుస్తున్నాయో నేను చూశాను. ఒక్క మనిషి నిలబడి అడిగి సాధించుకున్న రోజు, ఆ వారంలో వచ్చిన తర్వాతి ముగ్గురికి మా దగ్గరే మర్యాద మారిపోయేది. నీ తర్వాత ఆ కౌంటర్‌కు వచ్చేది నీ అంత చదువుకున్న పిల్ల కాకపోవచ్చు. కూలి పైసలు కూడబెట్టి బిడ్డ పెండ్లికి చీర కొన్న తల్లి కావచ్చు. ఆమెకు బిల్లు వెనక అక్షరాలు చదవడమే రాకపోవచ్చు.

ఈ శుక్రవారం సెలవు పెట్టి చీర, బిల్లు, ట్యాగు తీసుకుని పొద్దున్నే మేడ్చల్ రా. నేనూ నీ వెంట కొంపల్లి వస్తాను. పక్కన నిలబడతాను, మాట్లాడేది మాత్రం నువ్వే. వాళ్ళు ఒప్పుకోకపోతే అక్కడి నుంచి నేరుగా పోస్టాఫీసుకు పోదాం.

ఉంటాను బిడ్డా,
మీ పెద్దనాన్న